ఎర్రబడిన స్వరం

మా పాఠశాల వాద్యబృందం ఏ రెండేళ్లూ ఒకేలా ఉండదు. వార్షిక పరీక్షలు అయ్యీ అవకముందే ఎవరి నాన్నగారికో, అమ్మగారికో బదిలీ ఉత్తర్వులు వస్తాయి. ఒకరు జోధ్‌పూర్ వెళ్తారు, ఇంకొకరు విశాఖపట్నం వెళ్తారు. సెలవులు అయ్యాక వాళ్ల బెంచీల మీద కొత్త ముఖాలు కనిపిస్తాయి. వాయించే చేతులు మారిపోతాయి గానీ, వాళ్లు రాసిపెట్టిన పాట కంప్యూటర్ ల్యాబులో అలాగే ఉండిపోతుంది.

ఆ పాటను కొత్తవారి చేతికి ఇచ్చే ముందు ఒక పని తప్పకుండా చేయాలని మా అభిప్రాయం. స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్‌లో, ఒక వాద్యం పలకలేని స్వరాలను రంగు మార్చి చూపించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడాలి. ఇది చిన్న విషయమని మేమూ అనుకున్నాం. చిన్నది కాదని మాకు ఎలా తెలిసిందో చెబుతాం.

మేం నలుగురం పాండేసరలో అద్దె ఇళ్లలో ఉంటాం. చుట్టూ జి.ఐ.డి.సి. అద్దకం మిల్లులు, పవర్‌లూమ్ షెడ్లు. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. మా సొంతూళ్లు శ్రీకాకుళం, నెల్లూరు వైపు. బతుకమ్మ ఆడటం మాకు అక్కడ అలవాటు లేదు. మేం నేర్చుకున్నది ఇక్కడ, పక్కవీధి పెద్దమ్మల దగ్గర. ఒకవైపు మైకుల్లో గర్బా మోగుతుంటే, ఇంకోవైపు పూలు పేర్చి, చప్పట్లు కొడుతూ వాళ్లు పాడే పాటలు విని నేర్చుకున్నాం. మేం విన్నవాటిలో చాలా పాటలు ఐదారు స్వరాల్లోనే తిరుగుతాయి. అందుకే బామ్మ దగ్గర నుంచి మనవరాలి దాకా అందరూ గొంతు కలపగలుగుతారు.

మా సీనియర్ అక్క ఒకరు అలాంటి బాణీ ఒకదాన్ని మా వాద్యబృందానికి తగినట్టు మ్యూజ్‌స్కోర్‌లో రాసింది. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కాబట్టి మా ల్యాబులో ఉంది. అక్క వయొలిన్ వాయించేది. పాటకు ‘స’ని ఒకటో శ్రుతిలో, అంటే సి స్వరం మీద పెట్టుకుంది. ప్రతి చరణం చివర వయొలిన్ మెల్లగా మంద్ర స్థాయిలోకి దిగి ని, ద, ప పలికి ఆగుతుంది. ఆ మంద్ర పంచమం అక్క వయొలిన్‌లో అడుగు తీగ. వేలు పెట్టనక్కర్లేకుండానే పలుకుతుంది. వినడానికి ఎంతో హాయిగా ఉండేది.

తర్వాత అక్క వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఆ ఏడాదే షిల్లాంగ్ నుంచి ఏడో తరగతిలో ఒక చెల్లి చేరింది. మీటలున్న ఫ్లూట్ వాయిస్తుంది. మేం సంబరపడి, వయొలిన్ కాగితం ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాం. వారం గడిచింది. రిహార్సల్‌లో ప్రతి చరణం చివరికి వచ్చేసరికి ఫ్లూట్ ఆగిపోయేది. ‘ఇంకొంచెం సాధన చెయ్యి’ అని మేమే సలహా ఇచ్చాం. ఆమె తలూపింది. రోజూ సాయంత్రం ఇంట్లో ఆ మూడు స్వరాల కోసమే ఊదుతోందని తర్వాత తెలిసింది. తనకే రావడం లేదనుకుంది. కొత్త బడిలో మొదటి నెలలోనే ‘ఇది నా వల్ల కాదు’ అని ఎవరు చెప్పగలరు? ఎన్నిసార్లు బడి మారామో గుర్తు తెచ్చుకుంటే మనందరికీ ఆ మౌనం తెలిసిందే.

మామూలు ఫ్లూట్‌లో అట్టడుగు స్వరం మధ్య సి. కొన్నింటికి కాస్త పొడవైన చివరి భాగం ఉంటుంది, వాటిలో ఇంకొక అరస్వరం కిందికి పోవచ్చు. వయొలిన్ అయితే మామూలుగా కట్టిన తీగలతో దానికంటే కిందున్న జి దాకా వెళ్తుంది. అంటే మేం ఆ అమ్మాయిని సాధన చేయమన్న స్వరాలు ఆమె చేతిలోని వాద్యంలో లేనే లేవు. ఎంత ఊదినా రావు.

సంగతి అర్థమై ఫైలు తెరిచి, వాద్యం పేరు వయొలిన్ నుంచి ఫ్లూట్‌కు మార్చి, రంగుల ఏర్పాటు ఆన్ చేశాం. ప్రతి చరణం చివర మూడేసి స్వరాలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. చూడటానికి బాగాలేదని మాలోనే ఒకరు ఎప్పుడో దాన్ని ఆపేశారట.

ఈ ఏర్పాటు పనిచేసే తీరు తెలుసుకుంటే అందరికీ ఉపయోగం. ప్రతి వాద్యానికీ ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు హద్దులుంటాయి. ఒకటి నేర్చుకుంటున్నవారు సులువుగా పలికించగలిగేది, రెండోది ఆరితేరినవారు పలికించగలిగేది. మొదటి హద్దు దాటితే స్వరం ముదురు పసుపు రంగులోకి మారుతుంది. రెండోది కూడా దాటితే ఎరుపవుతుంది. ఆ రంగులు తెర మీదే కనిపిస్తాయి, ప్రింటు తీసిన కాగితం మీదికి రావు. అక్కడ అన్నీ నల్లగానే ఉంటాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ప్లే బటన్ నొక్కితే ఫ్లూట్‌లో లేని స్వరాన్ని కూడా కంప్యూటర్ వినిపించవచ్చు. ‘విన్నాం కదా, బాగానే ఉంది కదా’ అని మనం మోసపోయేది అక్కడే.

కొందరు మిత్రులు దీనికి ఒప్పుకోరు. ఊహ సాగుతున్నప్పుడు కంప్యూటర్ ఎర్ర గీతలు గీస్తుంటే రాసే ఉత్సాహం పోతుందంటారు. అందులో నిజముంది. రాసేటప్పుడు ఆపుకోండి, మాకు అభ్యంతరం లేదు. కాగితం ఇంకొకరి చేతికి వెళ్లే ముందు మాత్రం ఆన్ చేయండి. ఎర్ర స్వరం తప్పు రాశావని చెప్పడం లేదు. దీన్ని వాయించబోయే మనిషి ఎవరని అడుగుతోంది.

ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండదు. మా పాటకే నాలుగు దారులు కనిపించాయి. మొదటిది, ఆ మూడు స్వరాలను పై స్థాయికి ఎత్తడం. అలా చేస్తే మెల్లగా దిగాల్సిన చోట బాణీ గెంతుతుంది. రెండోది, పాట మొత్తాన్ని నాలుగో శ్రుతికి పెంచడం. అప్పుడు మంద్ర పంచమం సరిగ్గా ఫ్లూట్ అడుగు స్వరం మీద పడుతుంది. కానీ పాడేవాళ్లలో తొమ్మిదో తరగతి అబ్బాయిలకు అప్పుడప్పుడే గొంతు మారుతోంది, వాళ్లకు కష్టమైంది. మూడోది, ఫ్లూట్ చెల్లిని పక్కన పెట్టి వేరే వాద్యం వెతకడం. ఇది మాకెవరికీ ఇష్టం లేదు. నాలుగో దారి ఆ చెల్లే చెప్పింది: ‘ఆ మూడు స్వరాలూ హార్మోనియంకు ఇవ్వండి, అక్కడ నాకు ఊపిరి తీసుకోవడానికి సమయం దొరుకుతుంది.’ అలాగే చేశాం. పాట ఇంకా బాగుంది.

వాద్యం మారినప్పుడు స్వరాలు మార్చడం పెద్ద పెద్దవాళ్ల సంగీతంలోనూ జరిగింది. మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కచేర్టో ఆంటన్ స్టాడ్లర్ అనే మిత్రుడి కోసం రాసింది. స్టాడ్లర్ వాద్యం మామూలు క్లారినెట్ కంటే కిందికి పలికేది. తర్వాత అచ్చువేసినవారు, ఆ వాద్యం అందరి దగ్గరా ఉండదు కాబట్టి, మామూలు క్లారినెట్‌కు అందని స్వరాలను పైకి మార్చారు. దానివల్ల ఎంతోమంది దాన్ని వాయించగలిగారు. కానీ మొజార్ట్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ఆ కింది స్వరాలు ఎలా ఉండేవో తర్వాతి తరాలు ఊహించుకోవలసి వచ్చింది. మనం నేర్చుకోవలసింది, మార్చండి గానీ పాత ప్రతిని చెరపవద్దని.

స్వరాన్ని మార్చకుండా వాద్యాన్నే మార్చినవారూ ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, జంట తీగలుండే మాండొలిన్‌కు బదులు ఒంటి తీగలున్న విద్యుత్ మాండొలిన్ తీసుకుని, ఐదో తీగ చేర్చుకుని, కర్ణాటక రాగాలకు కావలసిన స్థాయిని అందుకున్నారు. మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసులు కూడా పాడేవారి శ్రుతికి తగ్గట్టు తీగలు సవరించుకుంటారు. తీగ వదులైతే జి కంటే కింది స్వరాలు కూడా వస్తాయి. కంప్యూటర్ వాటినీ ఎర్రగానే చూపిస్తుంది. అక్కడ మాట వినాల్సింది విద్వాంసుడిది, కంప్యూటర్‌ది కాదు.

ఇంకో లోపం కూడా చెప్పాలి. ఈ హద్దులు రెండు చివరలను మాత్రమే కాపలా కాస్తాయి, మధ్యలో ఉన్న ఖాళీలను పట్టుకోవు. పది రంధ్రాల సి మౌత్ ఆర్గాన్ తీసుకోండి. దాని అడుగు స్థాయిలో మామూలుగా ఊదినా పీల్చినా మ, ద స్వరాలు రావు. బ్యూగిల్‌కు మీటలే ఉండవు, పిలుపులన్నీ ఐదు స్వరాలతోనే నడుస్తాయి. వెదురు వేణువు హద్దు దాని పొడవును బట్టి మారుతుంది. తెర మీద నల్లగా కనిపించిన ప్రతి స్వరమూ పలుకుతుందని నమ్మకూడదు.

అన్నిటికంటే పెద్ద విషయం, కంప్యూటర్‌కు వాద్యం తెలుసు గానీ పిల్ల తెలియదు. నిన్నగాక మొన్న నేర్చుకోవడం మొదలుపెట్టిన ఐదో తరగతి బాబు హద్దు వేరు, పన్నెండో తరగతి అన్నయ్య హద్దు వేరు. మ్యూజ్‌స్కోర్‌లో ఆ హద్దులను మనమే మార్చుకోవచ్చు. కొత్తగా ఎవరైనా చేరగానే ‘నీకు సులువుగా వచ్చే అట్టడుగు స్వరం ఏది, పై స్వరం ఏది, ఒకసారి వాయించి చూపించు’ అని అడిగి ఆ రెండూ అందులో పెడితే చాలు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మేం ఖర్చు పెట్టి ఉంటే ఒక చెల్లి వారం రోజులు తనను తాను తిట్టుకునేది కాదు.

అందుకే మన బడుల వాద్యబృందాలకు మా సూచనలు ఇవి. ప్రింటు తీసే ముందు రంగులు ఆన్ చేసి చూడండి. ప్రతి విద్యార్థి కాగితం పైన అతని హద్దు రాయండి. స్వరం ఎర్రబడితే వాయించేవారినే పిలిచి ఏం చేద్దామని అడగండి. ఎవరికైనా స్వరం రాకపోతే, సాధన చేయమనే ముందు అది ఆ వాద్యంలో ఉందో లేదో చూడండి. బదిలీ మీద వెళ్లేవారు తాము రాసిన ఫైలును, ఏ వాద్యం కోసం రాశారో ఒక ముక్క రాసి, వదిలి వెళ్లండి.

అక్క రాసిన వయొలిన్ ప్రతిని మేం చెరపలేదు. ఫ్లూట్ ప్రతి పక్కనే, అదే ఫోల్డరులో, ఆమె రాసిన సంవత్సరంతో సహా ఉంది. వచ్చే ఏడాది మాలో ఎవరు ఇక్కడ ఉంటామో మాకే తెలియదు. ఏ ఊరి నుంచో ఒక వయొలిన్ పెట్టె పట్టుకుని ఎవరైనా వస్తే, ఆ మంద్ర పంచమం వారి కోసం అక్కడ సిద్ధంగా ఉంటుంది.