‘డాక్టర్’ అంటారు సరే... లైసెన్సు వస్తుందా?

ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి పిన్ని ఫోన్. ఇంకా కాఫీ కూడా తాగలేదు.

“ఏరా, నువ్వు పేపర్లో చదువుల గురించి రాస్తుంటావుగా. చెల్లెల్ని అమెరికా పంపుదామనుకుంటున్నాం. అక్కడ ఫిజియోథెరపీ చదివితే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చటగా?”

పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుసని మా బంధువుల నమ్మకం. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి పన్ను నొప్పి దాకా నన్నే అడుగుతారు. “రాసుకోవచ్చు పిన్నీ” అనేసి ఫోన్ పెట్టేయబోయాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి. కన్సల్టెన్సీ వాళ్లు సీటు ఖాయమన్నారట. రెండేళ్ల ఎమ్మెస్. నలభై లక్షల లోను. తెనాలి దగ్గరున్న ఎకరం బ్యాంకులో పెట్టడానికి బాబాయి కాగితాలు కూడా సిద్ధం చేశాడట.

“ఎందులో ఎమ్మెస్?”

“హెల్త్‌కేర్ ఏదో అన్నార్రా. ఫిజియోథెరపీ పిల్లలంతా అందులోనే చేరతారట. రెండేళ్లు చదివితే అక్కడి ఆసుపత్రిలో ఫిజియోగా చేరిపోవచ్చట.”

నాకెక్కడో తేడా కొట్టింది. ఆ రోజు కాఫీ రెండుసార్లు చల్లారింది.

మన దగ్గర ఫిజియోథెరపీ అంటాం, అమెరికాలో ఫిజికల్ థెరపీ అంటారు. పని ఒకటే. చదువు మాత్రం ఒకటి కాదు. మా చెల్లెలు ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగేళ్లు తరగతులు, ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి బీపీటీ పట్టా పుచ్చుకుంది. ఎంబీబీఎస్ సీటు అందక చేరినా, చేరాక ఇష్టపడి చదివింది. ఇప్పుడో ప్రైవేటు ఆసుపత్రిలో పదిహేను వేలకు పనిచేస్తోంది. అదే అమెరికాలో అయితే ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన సాధారణంగా మూడేళ్లు డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. పొట్టిగా డీపీటీ.

మొదట్నుంచీ ఇలా లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని మళ్లీ లేపి నడిపించడానికి తీసుకున్న మహిళా సహాయకులతో అక్కడ ఈ వృత్తి ఊపందుకుంది. పోలియో రోజుల్లో మరింత పెరిగింది. కోర్సు కాస్తా డిగ్రీ అయింది, డిగ్రీ పీజీ అయింది. 1993లో నెబ్రాస్కాలోని క్రైటన్ యూనివర్సిటీ డీపీటీ మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికాలో చదివి కొత్తగా థెరపిస్టు కావాలంటే అదొక్కటే దారి. ఆ కోర్సుకు క్యాప్టే అనే సంస్థ గుర్తింపు ఉండి తీరాలి.

మరి మూడేళ్లు అంతగా ఏం నేర్పుతారు? ఈ మాట అడగడానికి మనవాళ్లలోనే ఒకరు దొరికారు. మా పెదనాన్నగారి మనవరాలు డాలస్‌లో పుట్టి పెరిగింది. వరసకు నాకు కూతురు. ఇప్పుడు డీపీటీ రెండో ఏడు. మెడిసిన్ చదవనంటే ఇంట్లో నెలరోజులు మాటల్లేవట, అది వేరే కథ.

“బాబాయ్, సీటు రావడానికే ఏడాది పట్టింది” అంటూ మొదలుపెట్టింది. దరఖాస్తులన్నీ దాదాపు ఒకే చోట, పీటీక్యాస్ అనే ఉమ్మడి విధానంలో పెట్టాలి. అనాటమీ, ఫిజియాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి డిగ్రీలోనే చదివి ఉండాలి. ఒక్కో కాలేజీ జాబితా ఒక్కోలా ఉంటుంది. కొన్ని జీఆర్‌ఈ అడుగుతాయి, చాలా చోట్ల తీసేశారు. సిఫారసు లేఖలు, స్వయంగా రాసే వ్యాసం, ఆపైన ఇంటర్వ్యూ. వీటన్నిటికన్నా ఆ అమ్మాయిని మార్చింది మరోటి. థెరపిస్టుల పక్కన నిలబడి రోగుల్ని గమనించిన గంటలు చూపించమని చాలా కాలేజీలు అడుగుతాయి. తను ఒక వేసవంతా వృద్ధుల పునరావాస కేంద్రానికి వెళ్లింది. చేసే పని ఏమీ ఉండదు. తువ్వాళ్లు మడతపెట్టడం, చూడటం.

“పక్షవాతం వచ్చిన తాతగారు ఒకాయన మంచం మీంచి కుర్చీలోకి మారడానికి పదకొండు రోజులు పట్టింది బాబాయ్. నేను లెక్కపెట్టాను. పన్నెండో రోజు ఆయన నన్ను చూసి కన్నుకొట్టాడు. వ్యాసంలో అదే రాశా.”

లోపలికి వెళ్లాక మొదటి ఏడాదే చుక్కలు కనిపించాయట. చాలా కాలేజీల్లో మృతదేహాన్ని కోసి చదవాలి. ఆ గది వాసన జుట్టుకు పట్టుకుని వదలదు. ల్యాబులో చదివింది ఒకరి మీద ఒకరు సాధన చేయాలి. భుజం ఎముక అంచు వెతకాలంటే భుజం కనపడాలి కదా, అందుకే ల్యాబ్ రోజుల్లో నిక్కర్లు, చేతుల్లేని బనియన్లే. వాళ్లమ్మ ఫోటో చూసి గుండె బాదుకుందట.

నాకు బాగా నచ్చింది ప్రాక్టికల్ పరీక్ష సంగతి. రోగిగా నటించే ప్రొఫెసర్‌ని చక్రాల కుర్చీలోంచి మంచం మీదకు మార్చాలి. కండరాల పేర్లన్నీ చెప్పింది, నడుముకు పట్టీ కట్టింది, ధైర్యం చెప్పింది. ఒక్కటి మర్చిపోయింది. కుర్చీకి బ్రేకు వేయలేదు. అంతే, ఫెయిల్! మిగతాదంతా ఎంత బాగా చేసినా లెక్కలోకి రాలేదు. వారం తర్వాత మళ్లీ పరీక్ష. “ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో బండి ఆపినా బ్రేకు కోసం చూస్తున్నా” అని నవ్వింది.

తరగతులు కాక కనీసం 30 వారాలు పూర్తిస్థాయిలో ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో పనిచేయాలన్నది క్యాప్టే నిబంధన. అవి ఉన్న ఊళ్లోనే దొరకాలని లేదు. ఇంకో రాష్ట్రంలో పడితే అక్కడ అద్దె, ఇక్కడ అద్దె. ఫీజు మాత్రం మామూలే, జీతం సాధారణంగా ఉండదు.

ఇంత చదువు ఎందుకూ అని మీకూ అనిపించొచ్చు. కారణం ఉంది. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు రోగి వైద్యుడి చీటీ లేకుండా నేరుగా థెరపిస్టు దగ్గరికి రావచ్చు. నడుం నొప్పి అని వచ్చిన మనిషికి రాత్రిపూట పడుకున్నా నొప్పి తగ్గట్లేదు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నాడు అంటే అది కండరాల నొప్పి కాకపోవచ్చు. దాన్ని పట్టుకుని వెంటనే వైద్యుడి దగ్గరకు పంపగలగాలి. అందుకే మందుల గురించి, ఎక్స్‌రే, ఎమ్మారై గురించి, జబ్బుల మధ్య తేడా పట్టడం గురించి అంతంత పాఠాలు.

ఇక చెల్లెలి సంగతి. కన్సల్టెన్సీ చెప్పిన ఎమ్మెస్‌తో ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం రావచ్చు. ఆ చదువు చెడ్డదని అనను. కానీ ఆ పట్టా చూపించి అమెరికాలో ఒక్క రోగి మోకాలి మీద కూడా చెయ్యి వేయలేం. ఇంకో తమాషా ఉంది. ట్రాన్సిషనల్ డీపీటీ అని మరో కోర్సు. ఇప్పటికే థెరపిస్టులైనవాళ్ల కోసం పెట్టింది. చివర ‘డాక్టర్’ అనే మాట కచ్చితంగా వస్తుంది. దానికి క్యాప్టే గుర్తింపు ఉండదు. కేవలం అది చదివినందుకు లైసెన్సూ రాదు. పిన్ని అడిగిన డాక్టర్ బిరుదు నలభై లక్షలకు అలా కూడా కొనుక్కోవచ్చన్నమాట!

బీపీటీ చదివినవాళ్లకు నిజంగా ఉన్న దారులు రెండే. క్యాప్టే గుర్తింపున్న డీపీటీలో మొదటి నుంచి మూడేళ్లు చదవడం ఒకటి. విదేశీ విద్యార్థుల్ని అసలు తీసుకోని కాలేజీలు కూడా ఉన్నాయి. ఖర్చు లక్ష డాలర్లు దాటడం అక్కడ మామూలు. అక్కడి ప్రభుత్వ విద్యారుణాలు మన పిల్లలకు రావు. అమెరికా పౌరులకే ఇప్పుడు కష్టమైంది, 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవారికి గ్రాడ్ ప్లస్ రుణాలు లేవు. సంపాదన సంగతంటారా? అక్కడి కార్మికశాఖ లెక్కల్లో 2024 మే నాటికి థెరపిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి లక్షా వెయ్యి డాలర్ల చిల్లర. మంచి జీతమే. అప్పు మాత్రం చాలా ఏళ్లు తోడుంటుంది.

రెండోది, ఇక్కడి చదువును అక్కడ తూకం వేయించుకోవడం. ఎఫ్‌సీసీపీటీ అనే సంస్థ మన మార్కుల జాబితాలు, సిలబస్ చూసి, అక్కడి చదువుకు సమానమా కాదా తేలుస్తుంది. ఏ ఏడాది పాసయ్యామో ఆ ఏడాది నాటి కొలత వర్తిస్తుంది. ఈమధ్య పాసైనవాళ్లకు ఒట్టి బీపీటీ చాలడం కష్టం. ఇందాక చెప్పిన మందులు, స్కానింగులు, తేడా పట్టడం లాంటి సబ్జెక్టుల్లోనే తక్కువలు తేలుతుంటాయి. వాటిని ఎంపీటీతోనో, ఆ ట్రాన్సిషనల్ కోర్సుతోనో పూడ్చుకుంటారు. అదీ ఆ కోర్సు అసలు ఉపయోగం. ముందు తూకం, తర్వాత కోర్సు. మనవాళ్లు ముందు కోర్సులో చేరి తర్వాత తూకానికి వెళ్తున్నారు.

ఆ తర్వాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష. 225 ప్రశ్నలు. 800కు 600 స్కోరు రావాలి. జీవితం మొత్తంలో ఆరుసార్లే రాయనిస్తారు. ఇక్కడొక చేదు జ్ఞాపకం చెప్పుకోవాలి. పరీక్ష రాసి వచ్చినవాళ్లు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని కోచింగ్ సెంటర్ల ద్వారా పంచుకుంటున్నారని 2010లో గొడవ రేగింది. భారత్, పాకిస్థాన్, ఈజిప్టు, ఫిలిప్పీన్స్‌లలో చదివినవారందరికీ ఆ పరీక్షను కొంతకాలం ఆపేశారు. నిజాయతీగా చదివినవాళ్లూ వాళ్లతోపాటే ఆగిపోయారు. ‘మెమరీ ప్రశ్నలు ఇస్తాం’ అనేవాళ్లు కనిపిస్తే దూరంగా జరగండి.

వీసా వేరే చిక్కు. థెరపిస్టులకూ నర్సులకూ గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు మినహాయింపు ఉంది. అయినా భారతీయుల వరసలో ఏళ్లకేళ్లు నిరీక్షణే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, బయటి దేశాల నుంచి మనిషిని పిలిపించుకునే ఆసుపత్రులు ఆలోచనలో పడ్డాయి. నలభై లక్షల లెక్క వేసేటప్పుడు ఇదీ కాగితం మీద ఉండాలి.

ఇవన్నీ పిన్నికి చెప్పడం ఒక ఎత్తు. అంతా విని, “అయితే డాక్టర్ అని రాసుకోకూడదంటావా?” అంది. ఈ గొడవ మన దగ్గరా ఉంది. ఫిజియోథెరపిస్టులు డాక్టర్ అని పెట్టుకోవద్దని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసి, వెంటనే వెనక్కి తీసుకుంది. డాలస్ అమ్మాయినీ అడిగాను. పట్టా మీద డాక్టరే, రోగి దగ్గరికి వెళ్తే మాత్రం ‘నేను మీ ఫిజికల్ థెరపిస్టుని’ అని చెప్పడం ముందు నేర్పిస్తారట.

చెల్లెలు అంతసేపూ పక్కనే ఉండి వింటోందని నాకు తెలీదు. ఫోన్ లాక్కుని, “అన్నయ్యా, ఆ తూకానికి ఫీజు ఎంతవుద్ది?” అంది. నలభై లక్షల ముందు అదొక లెక్కే కాదని చెప్పాను. మర్నాడు సెలవు పెట్టి మార్కుల జాబితాలు, సిలబస్ కాపీల కోసం కాలేజీకి వెళ్లింది. యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి కాబట్టి పేజీ పేజీకీ ముద్ర వేయించాలి. మొత్తం రెండొందల పేజీల పైమాటే. క్లర్కు గారు మంగళవారం రమ్మన్నారు, మంగళవారం వెళ్తే శుక్రవారం అన్నారు.

తెనాలి ఎకరం కాగితాలు ప్రస్తుతానికి మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. నిన్న కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే పిన్ని ఒకటే అడిగిందట, “ఈ కోర్సుకి క్యాప్టే ఉందా బాబూ?” అని. కనుక్కుని చెప్తామని పెట్టేశారట.