పాఠం బస్తీలో మొదలుకావాలి

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచాలంటూ 18 రోజులు సమ్మె చేశారు. ఫిలింనగర్‌లో చర్చల మీద చర్చలు నడుస్తుంటే కృష్ణానగర్ గదుల్లో లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, జూనియర్ ఆర్టిస్టులు పిలుపు కోసం ఎదురుచూశారు. ఏ రోజు కూలి ఆ రోజుకే సరిపోయే ఇళ్లవి. వాటిలో ఆదివారం మందిరానికి వెళ్లే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి ఆదివారం పాస్టరు ఏం బోధించాలి? సోమవారం అద్దె కట్టలేని ఇంటికి వెళ్లి ఏం చేయాలి? వేదాంత కళాశాల అతణ్ణి ఇందుకు తగినట్టు తయారుచేయడం లేదన్నది మా అభిప్రాయం. ఆ చదువును అంచుల్లో సవరిస్తే చాలదు. దాని నడిమి భాగాన్నే బస్తీకి తరలించాలి.

తెలుగునాట క్రైస్తవ వేదాంత విద్యను తక్కువచేయడం మా ఉద్దేశం కాదు. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడినప్పుడు లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అంతకుముందు రామాపట్నంలో, కాకినాడలో, డోర్నకల్‌లో ఎవరి బడి వారిదే. ఆ కలయిక గొప్పది. 1970ల మొదట్లో కళాశాల హైదరాబాదుకు వచ్చింది. సెరాంపూర్ సెనేట్ పట్టాలతో చదువు స్థాయి నిలిచింది. కానీ పల్లెల పక్కనుండే బడులు నగరంలో ఒక ఆవరణలోకి చేరాక, విద్యార్థికీ సంఘానికీ మధ్య దూరం పెరిగింది. ఆదివారపు సంఘసేవ, సెలవుల్లో శిక్షణ ఇప్పుడూ ఉన్నాయి. అయితే మార్కులు తేల్చేది తరగతి గదే. కళాశాల ఉన్న లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి ఫిలింనగర్ కొండకు హుస్సేన్‌సాగర్ చుట్టి వెళ్తే చాలు, పాఠ్యప్రణాళికకు మాత్రం ఆ దారి చాలా పొడవు.

మన చరిత్ర ఇలా లేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని గుత్తకు తీసుకుని, తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్లు పగలంతా కూలీలతో మట్టిలో ఉండి, పని ఆగిన వేళ వాక్యం చెప్పారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం క్లఫ్ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ ఉద్యమానికి దారి వేసిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. రామాపట్నంలో సెమినరీ పుట్టకముందే, 1866లో, బాప్తిస్మం పొందిన మాదిగ పెద్ద. ఊళ్లు తిరగడమే ఆయన చదువు.

1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఈ అనుభవాన్ని ఒక పద్ధతిగా మలిచారు. పల్లె బోధకుడితో పాటు అతని భార్యకూ చదువు చెప్పించారు, పుస్తకం పట్టిన చేతికే పొలం పనీ అప్పగించారు.

పని చేస్తూనే నేర్చుకోవాలన్న సంగతి సినిమావాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. క్లాప్ కొట్టి, కంటిన్యుటీ రాసి, తిట్లు తిని కుర్రాడు దర్శకుడవుతాడు. థియరీ చదివినా సెట్ మీద నిలబడక తప్పదు. పాస్టరుకు మాత్రం ముందు పట్టా, తర్వాత పని. ఈ వరస తిరగబడాలి.

బస్తీలో నేర్వాల్సినవి కొన్ని చూడండి. దళితుడు క్రైస్తవుడైతే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. మన దగ్గర అతను బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలోకి వస్తాడు. కులం సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లవాడి ప్రశ్న దేవుని న్యాయం గురించిన ప్రశ్న కూడా. సమాధికి చోటు దొరకని కుటుంబం, వారం వడ్డీల్లో మునిగిన తల్లి, పక్కింటి ముస్లిం, ఎదురింటి హిందువుతో కలిసి మోయాల్సిన నీళ్ల గొడవ, ఇవన్నీ పాఠాలే. హిబ్రూ వ్యాకరణం వీటికి అడ్డు కాదు. ఆమోసు గ్రంథం చదివినవాడికి వడ్డీ లెక్క ఇంకా బాగా అర్థం కావాలి.

రేకుల షెడ్డుల్లో, అద్దె హాళ్లలో స్వతంత్ర సంఘాలు నడిపేవారి సంగతేమిటి? వీరిలో ఎందరికో వేదాంత పట్టా లేదు, కానీ ప్రతి ఇంటి గడప తెలుసు. వీరిని చిన్నచూపు చూడటం కళాశాలలకు తగదు. పని మానకుండా ఉన్నచోటే చదివే పద్ధతి 1963లో గ్వాటెమాలాలో మొదలై 1971 నాటికి బెంగళూరు చేరింది. సాయంత్రాలు తెలుగులో, బస్తీ మందిరంలోనే, అనుభవానికి విలువ కట్టే చదువు ఇక్కడా పెట్టవచ్చు.

స్థాయి పడిపోతుందని కొందరంటారు. ఇంగ్లిషులో రాసిన సిద్ధాంతాన్ని తెలుగులో ఒక కూలీ తల్లికి చెప్పలేనివాడి స్థాయి మాత్రం ఏపాటిది? సంఘం స్వచ్ఛంద సంస్థగా మారిపోతుందని మరికొందరి భయం. కాలువ గట్టున బోధకులు వాక్యం మానలేదు. సేవ ముసుగులో మతమార్పిడి అంటూ వచ్చే నిందకు కూడా క్లఫ్ నిగ్రహమే జవాబు: సాయానికి షరతు ఉండకూడదు, పొరుగువాడి మతం అడగకూడదు.

కాబట్టి బి.డి. అనే వేదాంత పట్టా చదువులో నిండు ఏడాది బస్తీలో కాపురముండి చదవాలి. ఆ ఏడాది పని తెలుగులో సాగాలి. మార్కుల్లో సగం సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, ఇతర మతాల పొరుగువారు వేయాలి. ఆడపిల్లలకు సమానంగా సీట్లివ్వాలి. నంద్యాలకు 2013లోనే మహిళా బిషప్ వచ్చాక ఇందులో వాదనకు తావు లేదు. ఖర్చు డయోసీసులు, సినాడ్‌లు భరించాలి. జూబ్లీహిల్స్‌లో మందిరానికి కానుక ఇచ్చే చేతులు కొండ కింది బస్తీలో ఒక విద్యార్థి గది అద్దె కూడా కట్టగలవు.

ఇకపై పట్టా మీద సెరాంపూర్ ముద్రతో పాటు ఒక బస్తీ సంతకం ఉండాలి. అది లేని పట్టా తెచ్చినవాణ్ణి, ముందు ఒక ఏడాది ఉండి రమ్మని సంఘమే వెనక్కి పంపాలి.