భూమి మనది, రిపోర్టు మాత్రం వాళ్లదా?

రైతు సోదరులారా, కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. హిమాలయాల గోల మనకెందుకు అనుకోవద్దు. అక్కడ కొండవాలు మీద చిన్న చెక్క దున్నుకునేవాడూ మనలాంటి రైతే.

ఉత్తరాఖండ్‌లో బదరీనాథ్ దారిలో జోషీమఠ్ ఉంది. యాత్రకు పోయిన మనోళ్లకు తెలిసిన ఊరే. అది గట్టి రాతి మీద లేదు, ఎప్పుడో విరిగిపడిన కొండచరియల మట్టి మీద ఉంది. ఈ మాట 1976లోనే మిశ్రా కమిటీ రాసిచ్చింది. పెద్ద కట్టడాలు వద్దు, వాలు కింద బండలు పేల్చొద్దు, చెట్లు కొట్టొద్దు అని చెప్పింది. మరి ఏం చేశారు? అంతస్తుల మీద అంతస్తులు హోటళ్లు లేపారు. మురుగునీటికి సరైన దారి చూపలేదు. దగ్గర్లోనే కరెంటు ప్రాజెక్టుకు సొరంగం తవ్వారు. 2023 జనవరికి 800కు పైగా ఇళ్లు పగిలాయి.

అసలు సంగతి ఇక్కడుంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి, అక్కడ 12 రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని చెప్పింది. కొద్ది రోజులకే ఆ రిపోర్టు మాయం! మీడియాతో మాట్లాడొద్దని సంస్థలకు ఢిల్లీ నుంచి ఉత్తరం. జనం అయోమయపడతారట. మిగతా సంస్థల రిపోర్టులు కూడా హైకోర్టు నిలదీశాక, సెప్టెంబరులో గానీ బయటికి రాలేదు.

తుఫాను వస్తోందంటే మనం అయోమయపడి కూర్చుంటామా? కోసిన వరి కుప్పేసుకుంటాం, పట్టాలు కప్పుకుంటాం. తెలిస్తే జాగ్రత్త పడతాం. తెలియకపోతేనే మునుగుతాం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ టైముకే మొరిగితే నోరు కట్టేశారు.

జోషీమఠ్ దగ్గర్లోనే రేణి అని చిన్న పల్లె. 1974 మార్చి 26న మగవాళ్లు ఊళ్లో లేని సమయం చూసి కాంట్రాక్టరు మనుషులు అడవి కొట్టడానికొస్తే, గౌరాదేవి ఆడవాళ్లను వెంటేసుకుని పోయి అడ్డం నిలబడింది. తర్వాత ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ కూడా ఆ ఆడవాళ్ల మాటే నిజమంది. అక్కడ నరుకుడు ఆగింది. చదువుకున్నవాడూ ఊరివాళ్లూ ఒకటైతే ఏమవుతుందో అది.

అదే రేణి మీద 2021 ఫిబ్రవరి 7న వరద పడింది. పైన కొండ, మంచు విరిగిపడ్డాయి. దానికి ప్రాజెక్టే కారణమని నేననను. కానీ ఆ నదిలో కూలీలను దించినవాళ్లు, ముందుగా హెచ్చరించే ఏర్పాటు ఎందుకు పెట్టలేదు? 200 మందికి పైగా పోయారు, గల్లంతయ్యారు. ఆ ప్రాజెక్టుల మీద కోర్టుకెక్కిన ఐదుగురికి ఆ జులైలో దక్కిందేంటో తెలుసా? తలా 10,000 రూపాయల జరిమానా!

పరిశోధన వద్దని కాదు నా మాట. పరిశోధన కావాలి, అది మన చేతికి రావాలి. రేపు మీ పొలంలో కాలువకో, రోడ్డుకో, గనికో సర్వే చేస్తే ఊరికే సంతకం పెట్టకండి. ఆ కాగితం తెలుగులో అడగండి. గ్రామసభలో అందరి ముందూ చదివించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నేల కుంగేది మన కాళ్ల కింద. ఆ సంగతి మొదట తెలియాల్సింది మనకే.