సీసా మీద లేబుల్ ఉంది కదా!

2023 నవంబర్ 28. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల ప్రచారం ఆ సాయంత్రం ఐదింటికి ముగిసింది. వైన్ షాపులూ అప్పుడే మూతపడ్డాయి. ఏడు దాటాక మా ఇంటి వెనక గల్లీలో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది, లైట్లు ఆపేసి. టార్పాలిన్ కింద అట్టపెట్టెలు. ఇద్దరు కుర్రాళ్లు వాటిని కిరాణా కొట్టు వెనక గదిలోకి మోస్తున్నారు. ఓటు వేద్దామని నేను ఆ పొద్దునే హైదరాబాద్ నుంచి వచ్చాను. సిగ్నల్ కోసం మేడ మీద తిరుగుతుంటే ఇదంతా కంటపడింది.

ఫోన్లో ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్ ఉంది. తెరిచి ఫొటో తీశాను. ఆటో నంబరు సగమే పడింది కానీ పెట్టెలు బాగానే పడ్డాయి. లొకేషన్ దానంతటదే ఎక్కింది. ఫొటో తీసిన ఐదు నిమిషాల్లోపు పంపాలి, లేకపోతే ఇక కుదరదు. ఆ ఐదు నిమిషాలూ మేడ మీదే నిలబడ్డాను. పంపలేదు.

ఈ ముక్క బయటికి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆఫీసులో స్నేహితులకి ఎన్నికల గురించి లెక్చర్లు దంచే వాణ్ని నేనే మరి.

యాప్ బాగాలేక కాదు. ఆ పనిలో ఉన్నవాణ్నిగా చెప్తున్నా, చాలా శ్రద్ధగా కట్టిన యాప్ అది. గ్యాలరీలోంచి పాత ఫొటోలు ఎక్కించనివ్వదు, కాబట్టి ఎప్పటిదో తెచ్చి ఎవరి మీదా వేయలేరు. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చు. అది అందాక ఐదు నిమిషాల్లో దగ్గర్లోని స్క్వాడ్‌కి వెళ్లాలి, పావుగంటలో వాళ్లు అక్కడికి చేరాలి, అరగంటలో విచారించాలి, ఆపైన 50 నిమిషాల్లో అధికారి తేల్చాలి. మొత్తం 100 నిమిషాలు. మా కంపెనీలో కస్టమర్లకి కూడా ఇంత గట్టి మాట ఇవ్వం.

కానీ మాది సూర్యాపేట జిల్లాలో మూడొందల గడపల ఊరు. ఇక్కడ పేరు దాస్తే ఏం దాగుతుంది? స్క్వాడ్ జీపు వచ్చి ఆ గది ముందు ఆగితే, జనం ముందు చూసేది జీపు వైపు కాదు, చుట్టూ ఉన్న మేడల వైపు. ఆ గది కనిపించే మేడ మాదొక్కటే. కిరాణా కొట్టాయన మా నాన్నకి వరసకి బావ. ఎరువులకి అప్పు తెచ్చేది ఆయన దగ్గరే. నేను ఒకటో తారీఖుకి హైదరాబాద్‌లో ఉంటా. నాన్న మాత్రం రోజూ ఆ కొట్టు ముందు నుంచే పొలానికి పోవాలి.

ఆ కొట్టులోనే బెల్టు షాపు కూడా. మా ఊళ్లో లైసెన్సు ఉన్న వైన్స్ లేదు, మండల కేంద్రానికి పోవాలి. అందుకని అక్కడి నుంచి తెచ్చి, క్వార్టర్‌కి ఇంతని పైన వేసుకుని ఇక్కడ అమ్ముతారు. ఇది ఎన్నికలప్పుడే కాదు, ఏడాది పొడుగునా సాగేదే. పార్టీల వాళ్లు ముందు పట్టుకునేది ఈ కొట్టాయన్నే ఎందుకంటే, ఎవరు ఏం తాగుతారో, ఏ బ్రాండో, ఎంత తాగుతారో, ఏ ఇంట్లో మనిషి మానేశాడో ఆయనకి నోటికి వచ్చు. అప్పుల పుస్తకంలో రాసి కూడా ఉంటుంది. మా భాషలో దీన్నే కస్టమర్ డేటా అంటాం. ఇక్కడ సీసాలు చేతికి ఇవ్వరు. చిట్టీలు పంచుతారు. చిట్టీ చూపిస్తే సరుకు. చిట్టీ దొరికినా దాని మీద ఓ అంకె తప్ప ఏమీ ఉండదు.

మానేసినవాళ్ల లెక్క అన్నాను కదా, అందులో మా చిన్నాయన ఒకడు. ఆ ఏడు ఉగాదికి మానేశాడు. ఎనిమిది నెలలు చుక్క ముట్టలేదు. చిన్నమ్మ ఆ ఎనిమిది నెలల్లో రెండు గేదెల్ని కొంది. 29 రాత్రి ఆయన ఇంటికీ చిట్టీ వచ్చింది. 30న ఓటు వేశాడు, రాత్రికి బొడ్రాయి దగ్గర పడిపోయి ఉంటే నేనూ మా తమ్ముడూ మోసుకొచ్చాం. పార్టీ పంచింది మూడు రోజులే. ఆయనకి మళ్లీ ఆపుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. గేదె ఒకటి మధ్యలో పోయింది.

అందుకే తర్వాత చట్టం తీసి చదివాను. ప్రజాప్రాతినిధ్య చట్టం 135సీ సెక్షన్ ప్రకారం, పోలింగ్ ముగిసే గంటకి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో మద్యం అమ్మకూడదు, పంచకూడదు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ చేర్చింది 1996లో. రెండు వేలు ఇప్పటికీ రెండు వేలే. ఇక ఓటుకి లంచం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 173 కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. కానీ ఆ సెక్షన్‌కి కింద ఒక మినహాయింపు ఉంది. లంచం తిండి, తాగుడు, వినోదం రూపంలో ఇస్తే జరిమానా మాత్రమే. పాత ఐపీసీలోనూ ఇంతే, కొత్త చట్టంలోకి అలాగే దించేశారు. నోటు ఇస్తే జైలు, సీసా ఇస్తే జరిమానా! ఎన్నికే రద్దయ్యే దారి ఇంకొకటి ఉంది. అభ్యర్థి సమ్మతితోనే పంచారని హైకోర్టులో రుజువు చేయాలి. చిట్టీ మీద అంకెతో అది ఎవరు చేయగలరు?

పట్టుకోవట్లేదా అంటే, పట్టుకుంటున్నారు. 2023 ఎన్నికల్లో నవంబర్ 20 నాటికే తెలంగాణలో సుమారు 659 కోట్ల విలువైన నగదు, సొత్తు స్వాధీనం చేసుకున్నారు. అందులో మద్యం దాదాపు 87 కోట్లది. చెక్‌పోస్టుల దగ్గర నిద్ర లేకుండా నిలబడ్డవాళ్లని నేను తక్కువ చేయను. నా గొడవల్లా ఒకటే. మనం సీసాని దాని ప్రయాణంలో ఆఖరి కిలోమీటరులో వెతుకుతున్నాం. దాన్ని పట్టించే బాధ్యత మేడ మీద నిలబడ్డ పిరికివాడి మీద పెడుతున్నాం.

ఆ సీసా దొంగ సారా కాదు. రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి లైసెన్సు ఉన్న షాపుకి, డబ్బు కట్టి, లెక్క ప్రకారం వచ్చిందే. దాని మూత మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది, లేబుల్‌కో నంబరుంటుంది. డిపో నుంచి ఏ షాపుకి ఏ రోజు ఎన్ని పెట్టెలు వెళ్లాయో ప్రభుత్వం కంప్యూటర్లో ఉంటుంది. నా ఉద్యోగమే ఇది. సర్వర్ మీద లోడు రోజూ ఉండేదానికి రెట్టింపు అయితే అర్ధరాత్రి రెండింటికైనా నా ఫోన్ మోగుతుంది, లేచి చూడాల్సిందే. మండల కేంద్రంలో ఒక షాపు ఎన్నికల ముందు వారంలో రెట్టింపు సరుకు ఎత్తితే ఎవరి ఫోన్ మోగాలి? రోజువారీ అమ్మకాలని కిందటేడుతో పోల్చి చూడాలని ఎన్నికల సంఘం సూచనల్లో ఉంది. చూస్తారు, రాసుకుంటారు. కానీ అమ్మకం పెరిగితే ఆదాయం పెరిగినట్టు లెక్క వేసుకునే శాఖే ఆ అలారం కూడా మోగించాలి. మా ఇంట్లో పిల్లి కాపలాగా పాలు పెట్టినట్టుంటుంది అంటుంది మా అమ్మ.

నన్నడిగితే, కోడ్ ఉన్న రోజుల్లో ప్రతి షాపూ ఏ రోజు ఎన్ని పెట్టెలు ఎత్తిందో మర్నాటికల్లా వెబ్‌సైట్లో పెట్టేయాలి. పట్టుబడిన ప్రతి పెట్టె లేబుల్ చదివి, అది ఏ షాపుదో పేరుతో సహా ప్రకటించాలి, ఆ లైసెన్సు మీద చర్య ఉండాలి. తెలంగాణలో షాపు లైసెన్సుకి ప్రాంతాన్ని బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి కోటి పది లక్షల దాకా కడతారు. రెండు వేల జరిమానాకి ఎవరూ భయపడరు. కోటి రూపాయల లైసెన్సు పోతుందంటే షాపాయనే బెల్టు షాపుకి పెట్టెలు వేయడానికి వెనకాడతాడు. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. ఉన్న డేటాని తలుపు తీసి బయట పెట్టాలి, అంతే. దీనికీ దొంగదారులు కనిపెడతారని తెలుసు. నాలుగు షాపుల్లో తలా కాస్త ఎత్తుతారు, నోటిఫికేషన్‌కి ముందే నిల్వ చేస్తారు. చేయనీ, ఖర్చన్నా పెరుగుతుంది.

మూలం దగ్గర ఆపడం మనకి తెలియని విద్యేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తాగేవాళ్లని బతిమాలుతూ కూర్చోలేదు. సారా కొట్టు మూయించారు. ఆ వేడి జిల్లా అంతా పాకి సారా పాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్లు కనిపెట్టిన కిటుకు అది. ఇంజినీరింగ్ చదివిన నాకు మేడ మీద తట్టలేదు.

మొన్న 2025 డిసెంబర్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. వీటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. సీ-విజిల్ కేంద్ర సంఘానిది, కాబట్టి దానికి ఇక్కడ పని లేదు. మా అంత ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర. అందులో ఎన్ని పెట్టెలొస్తాయో మీరే లెక్కేసుకోండి. నామినేషన్లు మొదలైన వారానికే చిన్నమ్మ ఫోన్ చేసింది.

“బిడ్డా, నీ ఫోన్ల గీ పంచుడు ఆపెటిదేమన్న ఉన్నదా?”

“ఉండె గని చిన్నమ్మా, ఈ ఎన్నికలకు పని చెయ్యదట.”

“అయితె మీ చిన్నాయనను పంపిస్త. ఓట్లు అయ్యేదాక నీ కాడ ఉంచుకో.”

పోలింగ్‌కి నాలుగు రోజుల ముందు ఆయన ఒక సంచితో కూకట్‌పల్లిలో నా రూముకొచ్చాడు. నేను ఆఫీసు పని చేసుకుంటుంటే టీవీ చూశాడు, రెండు పూటలా వంట చేసి పెట్టాడు. పోలింగ్ రోజు పొద్దున్నుంచీ గడియారం చూస్తూనే ఉన్నాడు. ఒంటిగంటకి పోలింగ్ ముగిసింది.

“అయిపోయిందా?” అన్నాడు.

“అయిపోయింది చిన్నాయనా.”

ఎడమ చేతి వేలు ఒకసారి చూసుకున్నాడు. “పద్దెనిమిదేండ్లు నిండినప్పటి సంది ఒక్కటి గూడ ఇడిశిపెట్టలె” అన్నాడు.

సాయంత్రం లెక్కింపు అయ్యాక చిన్నమ్మ ఫోన్. ఎవరు గెలిచారని అడగబోయాను. ఆమె అది చెప్పలేదు.

“రేపు గూడ ఆడ్నే ఉంచుకో బిడ్డా. గెలిచినోళ్లు ఇయ్యాల రాత్రి పోస్తున్నరు.”