వైన్ లేని పాస్తా

మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో చాలా ఇళ్లల్లో ఆదివారం వంట అబ్బాయిలదే. అమెరికాలో ఆర్నెల్లు ఉండి వచ్చినవాడైతే ఇక పాస్తానో, పుట్టగొడుగుల రిసొట్టోనో మొదలవ్వాల్సిందే. తీరా చూస్తే ‘అర కప్పు వైట్ వైన్’ అని రాసుంటుంది. సీసా మూత తీసేసరికి హాల్లోంచి అమ్మ గొంతు: ‘ఏంట్రా అది?’

‘ఉడికితే మందంతా ఆవిరైపోతుందమ్మా!’

అందరూ చెప్పే మాటే. కానీ నిజం కాదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరిగినా, నీళ్లతో కలిశాక అంత తేలిగ్గా వదలదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం, పావుగంట ఉడికినా పోసినదాంట్లో 40 శాతం మిగులుతుంది. అరగంటకు 35, గంటకు 25, రెండున్నర గంటలకు 5 శాతం. పాస్తా సాస్ పావుగంట వంటే కదా! నిజమే, నలుగురికి వడ్డిస్తే ఒక్కొక్కరికి అర చెంచా కూడా రాదు. కానీ కడుపుతో ఉన్న కోడలికి, చంటిపిల్లలకు, కష్టపడి మందు మానేసిన మామయ్యకు, మతం వద్దన్న స్నేహితుడికి ‘కొంచెమేలే’ అని ఎలా వడ్డిస్తారు?

ఇంతకీ కూరలో వైన్ చేసే పనేమిటి? కాస్త పులుపు, తీపి, వగరు, పండు వాసన. బాణలి అడుగున అంటుకున్న ఎర్రటి పొరను కరిగించి సాస్‌లో కలపడం. అన్నిటికన్నా ముఖ్యం పులుపే. మరి పులుపు గురించి తెలుగింటికి వేరే చెప్పాలా!

అర కప్పు వైట్ వైన్ బదులు, అంతే కూరగాయలు ఉడికించిన నీళ్లు పోసి, దించేముందు రెండు చిన్న చెంచాల నిమ్మరసం పిండితే సరి. రెడ్ వైన్ అయితే నల్లద్రాక్ష. గింజలు నలగకుండా పిసికి వడకట్టాలి, నలిగితే చేదెక్కుతుంది. అందులో ఒకటి రెండు చెంచాల వెనిగర్ కలపాలి. డబ్బా రసంలో చక్కెర ఎక్కువ కాబట్టి సగం నీళ్లు కలుపుకోవాలి. (ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష విరగకాసేది. ఇప్పుడా తోటల జాడ తక్కువే.) మాంసం ముక్కలు గంటల తరబడి ఉడికే వంటకాల్లో పలచటి చింతపండు రసం, టమాటా గుజ్జు బాగుంటాయి. పచ్చివాసన పోయేదాకా మరగాలి. చెయ్యి జారిందా, అది ఇటలీ వంటకం కాదు, మన పులుసే!

అన్నట్టు, మన వీధుల్లో ‘వైన్స్’ బోర్డు లేని సందు అరుదు. లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బీరే. అర కప్పు కోసం ఆదివారం పొద్దున్నే అక్కడ నిలబడటం కన్నా నిమ్మకాయల బండి నయం.

క్రీమ్ వేసే సాస్‌తో మాత్రం జాగ్రత్త. మరిగే క్రీమ్‌లో నిమ్మరసం పిండితే విరిగి కూర్చుంటుంది. మంట ఆర్పి, వేడి తగ్గాక, చుక్క చుక్కగా కలపాలి.