మందు వేళ చెప్పే ఫోను ఎవరి చేతిలో ఉంది?

బీపీ గోలీ, షుగరు గోలీ లేని ఇల్లు ఇప్పుడు మా చొప్పదండిలో వెతికితే గాని దొరకదు. వాటిని తెచ్చుకోవడం ఒక ఎత్తయితే, రోజూ వేళకు వేసుకోవడం మరో ఎత్తు. పన్ను నొప్పి మందును ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. బీపీకి నొప్పి ఉండదు కదా! "మంచిగనే ఉన్న గదా బిడ్డా, ఇంకెందుకు గోలీలు?" అని పక్కన పెట్టేస్తారు. ఒకనాడు కాలూ చెయ్యీ పడిపోతే అప్పుడు కరీంనగర్‌కు పరుగు. ఇది మన చదువులేనితనం అని కొట్టిపారేయకండి. ధనిక దేశాల్లోనే దీర్ఘరోగుల్లో సగటున సగం మందే మందులు సక్రమంగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

దీనికి విరుగుడుగా స్మార్ట్‌ఫోన్ యాప్‌లు వచ్చాయి. తండ్రి పొరపాటున ఇన్సులిన్ రెండుసార్లు తీసుకోవడంతో ఇజ్రాయెల్‌లో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన మెడిసేఫ్ అలాంటిదే. వేళకు మోగుతుంది. వేసుకున్నట్టు నొక్కకపోతే మనం చెప్పిన మరొకరికి కబురు పంపుతుంది.

ఆలోచన బాగానే ఉంది. కానీ మోగే ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోను ఉందన్న తెలంగాణ ఆడవాళ్లు వందకు 60 మంది. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవారు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ. ఇప్పటికి పెరిగే ఉంటారు. అయినా ఆ లెక్క 15 నుంచి 49 ఏళ్లవారిది. రోజుకు నాలుగైదు గోలీలు మింగే మన అవ్వలు అందులో లేనే లేరు! దుబాయిలో ఉన్న కొడుకు కొనిచ్చిన ఫోనున్నా, అది వాడి ముఖం చూడటానికే. అందులో ఇంగ్లీషులో వచ్చే మెసేజీ ఆమెకేం తెలుస్తుంది?

ఇంట్లో మామగారి గోలీ, భర్త గోలీ ఎప్పుడెప్పుడో కోడలికి నోటికొచ్చు. బీడీలు చుడుతూ, వంట చేస్తూ కూడా గుర్తు చేస్తుంది. తన గోలీ మాటే మరిచిపోతుంది. ఆమెకు గుర్తు చేసేవారెవరు?

మన అలవాటును గమనించి చేసిన ఏర్పాటు ఒకటి మన దేశంలోనే ఉంది. క్షయ రోగులు ఒకప్పుడు ఆరోగ్య కార్యకర్త ఎదుటే మందు మింగాల్సి వచ్చేది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు '99డాట్స్' తెచ్చారు. గోలీని అట్టలోంచి నొక్కి తీస్తే వెనక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ఆనాటి మందు వేసుకున్నట్టు లెక్క. పైసా ఖర్చు లేదు, ఏ డబ్బా ఫోనైనా సరిపోతుంది. మిస్డ్ కాల్ ఇవ్వడం మనకెవరు నేర్పాలి చెప్పండి?

దానికీ లోపముంది. చెన్నై, వెల్లూరు, ముంబయిల్లో మూత్రపరీక్షలతో సరిచూసిన అధ్యయనం 2020లో వెలువడింది. మందు వేసుకుని కూడా కాల్ చేయనివాళ్లున్నారని, ఆ లెక్కను పూర్తిగా నమ్మలేమని తేలింది. నన్నడిగితే మరో చిక్కు కూడా ఉంది. క్షయ సంగతి అత్తగారింట్లో దాచుకున్న కోడలు, ఆ ఇంటి ఒక్క ఫోనులోంచి రోజూ కాల్ ఎలా చేస్తుంది? "ఎవలికి చేస్తున్నవ్?" అని అడిగితే ఏం చెప్తుంది?

బీపీ అదుపు కోసం 2017లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన కార్యక్రమం నాకు ఇంకా నచ్చింది. అందులో కొన్నిచోట్ల వాడిన 'సింపుల్' యాప్ ఉండేది రోగి ఫోనులో కాదు, నర్సు దగ్గర. మందులకు రానివారి పేర్లు అది చూపిస్తుంది, నర్సు ఫోను చేసి పిలుస్తుంది. అవ్వ యాప్ నేర్చుకోవాల్సిన పని లేదు. 2022 చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఎన్‌సీడీ కిట్లలో పొద్దటి, పగటి, రాత్రి గోలీలు విడివిడిగా పెట్టుకునే సంచులూ అలాంటివే. వాటికి చార్జింగు కూడా అక్కర్లేదు.

పట్నంలో ఉన్న పిల్లలు అమ్మ కోసం యాప్ పెడతామంటే పెట్టనివ్వండి. కాని కబురు అందేది ఎవరికో అమ్మనే అడగండి. పక్కింటి వదిన అయితే గోడ మీంచి ఓ కేక వేస్తుంది. నెల గోలీలు ఇరవై రోజులకే అయిపోతే ఏం చేయాలో ఆశా కార్యకర్తనూ ముందే అడిగి ఉంచుకోండి. యాప్ గంట కొట్టగలదు గాని, సర్కారు దవాఖానకు పోయి మందులు తేలేదు.