పాఠం ఉచితం, పరీక్షకు వెయ్యి

సెమిస్టర్ మొదలయ్యే ముందు మన ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందేశం తిరుగుతుంది: ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి, ప్రతి ఒక్కరూ ఒక కోర్సైనా తీసుకోవాలి. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం ఇంట్లో కూర్చుని వినొచ్చు. చేరడానికి పైసా కట్టనక్కర్లేదు. చివర్లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగం. చదువు ఊరికే చెప్పి పరీక్షకు డబ్బు పుచ్చుకోవడమేమిటని చాలామంది తల్లిదండ్రులు విసుక్కుంటారు. ఇంటి చదువు ఎక్కడ ఆగిపోతుందో అర్థం కావాలంటే ఆ వెయ్యి రూపాయల దగ్గరే మొదలుపెట్టాలి.

అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రినంతా నెట్‌లో అందరికీ తెరిచి పెడతానని 2001లో ప్రకటించింది. లీనియర్ ఆల్జీబ్రా మీద గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలు మన గేట్ విద్యార్థులకూ పరిచయమైంది ఆ దారినే. నల్లబోర్డు, సుద్దముక్క, మాస్టారు, అంతే. 2011లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సుకు లక్షన్నర మందికి పైగా పేర్లిచ్చేసరికి పెట్టుబడిదారుల కళ్లు ఇటు తిరిగాయి. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు వచ్చాయి. ఇక విశ్వవిద్యాలయాల గోడలు కూలిపోతాయన్నారు.

కూలలేదు. ఎడెక్స్‌లో హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల ఆరేళ్ల లెక్కలను పరిశోధకులు జస్టిన్ రీచ్, రుయిపెరెజ్ వాలియెంటె 2019లో సైన్స్ పత్రికలో బయటపెట్టారు. చేరినవాళ్లలో సగానికి పైగా పాఠం తెరిచి కూడా చూడలేదు. 2017-18లో కోర్సు పూర్తిచేసినవారు నూటికి 3.13 మంది. ధ్రువీకరణ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం. డబ్బు కట్టబట్టే పూర్తిచేశారనుకుంటే తొందరపాటే. పూర్తిచేసే పట్టుదల ఉన్నవాళ్లే డబ్బు కట్టి ఉండొచ్చు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని కొట్టిపారేయలేం. ఫీజు కట్టిన రోజున పరీక్ష తేదీ ఖాయమవుతుంది. తేదీ ఉంటే ఇంట్లోవాళ్లు కూడా టీవీ సౌండు తగ్గిస్తారు.

ఎన్‌పీటెల్ ఈ సంగతిని అనుభవం మీద తెలుసుకున్నట్టుంది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టినప్పుడు అది వీడియోల, నోట్సుల భాండాగారం మాత్రమే. నెట్ సరిగా రాని కాలేజీలకు హార్డ్‌డిస్కుల్లో నింపి పంపేవారు. అవి లైబ్రరీ బీరువాలో భద్రంగా ఉండిపోయిన కాలేజీలూ ఉన్నాయి. దశాబ్దం తర్వాత వారం వారం అసైన్‌మెంట్లు, గడువులు, సర్టిఫికెట్ పరీక్ష వచ్చి చేరాక దాని నడకే మారింది. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి నిఘాలో రాసే పరీక్షకు 75. ఈ వాటా ఎందుకో విద్యార్థుల్నడిగితే నవ్వేస్తారు. అసైన్‌మెంట్ వచ్చిన రోజు సాయంత్రానికే జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో దొరుకుతాయి. ఇంట్లో చేసే పనికి మార్కులు పెంచితే ఆ జవాబుల దుకాణానికే లాభం.

ప్రభుత్వాలు ఈ కోర్సులను క్రెడిట్లతో ముడిపెట్టాయి. 2017 జులైలో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం మొదలైంది. సెమిస్టర్‌లో 20 శాతం కోర్సుల వరకు ఆన్‌లైన్‌లో చేయొచ్చన్న యూజీసీ, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. మంచి ఉపాధ్యాయుడు లేని సబ్జెక్టును మంచి ఉపాధ్యాయుడి దగ్గరే నేర్చుకునే వీలు కలగడం గొప్ప సంగతే. కానీ లెక్చరర్‌ను నియమించని యాజమాన్యానికి కూడా ఇదే సాకుగా పనికొస్తుంది. సందేహం వస్తే ఎవరినడగాలన్న ప్రశ్నకు 40 శాతం అన్న అంకెలో జవాబు లేదు.

ఈ ప్రశ్నకు మన దగ్గర పాత జవాబొకటి ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి వైస్‌చాన్సలర్ జి.రాంరెడ్డి తర్వాత ఇగ్నోకూ తొలి వైస్‌చాన్సలరయ్యారు. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. పుస్తకాలు తెలుగులో వేశారు. గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లు ఇప్పటికీ వాటి కోసం వెతుకుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలో స్టడీ సెంటర్, ఆదివారం క్లాసులు. వారమంతా దుకాణంలోనో పొలంలోనో పనిచేసినవాడు ఆ రోజున తనలాంటి నలుగుర్ని చూసేవాడు. ఇప్పటి వేదికలు పాఠాన్ని ఫోన్‌లోకి తెచ్చాయి గానీ ఆ ఆదివారాన్ని తేలేదు.

భాష కథ వేరే ఉంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఐఐటీ ఇంగ్లిష్ మొదటి పది నిమిషాల్లోనే అడ్డుపడుతుంది. వాళ్లే ఒక దారి కనిపెట్టుకున్నారు: ముందు యూట్యూబ్‌లో తెలుగులో ఎవరైనా చెప్పింది విని, తర్వాత అసలు పాఠానికి వస్తారు. ఎన్‌పీటెల్ పాఠాల తెలుగు అనువాదాలు కొన్ని వచ్చాయి. లిఖిత రూపంలో దొరికే పాఠాన్ని ప్రింటు తీసుకుని దగ్గర పెట్టుకుంటే వీడియో కన్నా ఎక్కువ ఉపయోగం. డేటా ఖర్చు లేదు, నోటిఫికేషన్ మోగదు.

రాష్ట్రాలు ఈ చిన్న పనులు వదిలేసి పెద్ద పేర్లతో ఒప్పందాలకు పరుగెడుతుంటాయి. ఆంధ్రప్రదేశ్ 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. ఎడెక్స్ అప్పటికే 80 కోట్ల డాలర్లకు 2యూ అనే కంపెనీ చేతికి వెళ్లి రెండేళ్లు దాటింది. ఆ 2యూ అదే ఏడాది జులైలో దివాలా రక్షణ కోరింది. సైటు ఆగలేదనుకోండి. కానీ పరాయి కంపెనీ ఇచ్చే ఉచితం గడువు ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఒకప్పుడు ఊరికే ఇచ్చిన సర్టిఫికెట్లను ఎడెక్స్ 2015తోనే ఆపేసింది, కోర్సెరా కూడా ఆ బాటే పట్టింది.

ఇలాంటి వేదికల లైసెన్సులకు పెట్టే డబ్బులో కొంత జిల్లా గ్రంథాలయాలకు మళ్లిస్తే ఎలా ఉంటుందో ఆలోచించాలి. ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇంటి దగ్గరా రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతూనే ఉంది. పోటీ పరీక్షల పిల్లలతో ఆ గ్రంథాలయాల హాళ్లు పొద్దున్నే నిండుతాయి. అక్కడ ఒక గది, వైఫై, ప్రింటర్ కావాలి. నిరుడు అదే కోర్సు పాసైన సీనియర్‌కు కొద్దిపాటి గౌరవ వేతనమిచ్చి వారానికి రెండు గంటలు కూర్చోబెట్టాలి. పేద విద్యార్థి ఆ వారాల్లో సగానికి పైగా హాజరైతే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు ప్రభుత్వమే కట్టాలి. ముందే కాదు, హాజరు చూశాకే.